రెండు పైన సున్న

ఆదోని,
6 జూలై 1941, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు యేసేపుకు అక్క కరుణమ్మ దీవించి రాసేది. దేవుని దయవల్ల నా మోకాలి నొప్పి తప్ప ఇక్కడ చెప్పుకోవలసిన కష్టమేమీ లేదు. మీ ఎమ్మిగనూరులో రెండు మంచి వానలు పడ్డాయని గుడిలో ఆరాధన తరువాత ఎవరో అన్నారు. మాకింకా దుమ్మే. మరదలు సుగుణమ్మకూ పిల్లలకూ నా ప్రేమ చెప్పు.

ఇక అసలు సంగతి. మా లెక్కల మేష్టరు రంగన్నగారు గుత్తికి వెళ్ళిపోయారు. పెద్ద టీచరుగారు నన్ను పిలిచి నాలుగో ఫారానికి బీజగణితం ఇకనుంచి నువ్వే చెప్పాలి అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా కింది తరగతులకు తెలుగు, ఎక్కాలు, కుట్టుపని చెప్పుకుంటున్నదాన్ని, బీజగణితం జోలికి ఏనాడూ పోలేదు అన్నాను. ఆవిడ వినలేదు. ఆగస్టు మొదట్లో ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. లెక్కలు చెప్పే మనిషి లేదని ఆవిడ రాసిందంటే ఆ తరగతి మూసేస్తారు. ఉన్నది తొమ్మిది మంది పిల్లలు. వాళ్ళను మగపిల్లల బడికి పంపే ఇల్లు ఈ ఊళ్ళో ఒక్కటి కూడా లేదు. తొమ్మిదిమందీ ఇళ్ళల్లో కూర్చుంటారు.

సరే అని ప్రార్థన చేసుకుని పుస్తకం తెరిచాను. 2 పైన చిన్నగా 3 వేస్తే మూడు రెండ్లు గుణించాలి, ఎనిమిది వస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. 2 పైన సున్న వేస్తే ఎంత? ఒక్క రెండు కూడా లేదు కదా, సున్నే కావాలి. పుస్తకం మాత్రం "ఒకటి యని గ్రహింపవలెను" అంటుంది. ఎందుకు గ్రహించాలో ఆ పేజీలో లేదు, తరువాత పేజీలోనూ లేదు. నువ్వు లెక్కల మేష్టరువి. అచ్చుతప్పు అయితే అచ్చుతప్పని రాయి. నా మనసు కుదుటపడుతుంది.

నీ అక్క,
కరుణమ్మ.


ఆదోని,
17 జూలై 1941, గురువారం.

చిరంజీవి యేసేపుకు అక్క దీవెనలు. అందరం క్షేమం.

నీ ఉత్తరం చదివాను, నాలుగుసార్లు. గొంతు పెంచడం నాకు చేతకాదని నీకు తెలుసు, అందుకే ఈసారి అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

భాగించేటప్పుడు పై అంకెలు తీసివేయాలి అన్నావు. 2 పైన 3ని 2 పైన 3తో భాగిస్తే, మూడులోంచి మూడు పోయి పైన సున్న మిగులుతుంది. ఎనిమిదిని ఎనిమిదితో భాగిస్తే ఒకటి. కనుక అదీ ఇదీ ఒకటే అన్నావు. ఎనిమిదిలో ఎనిమిది ఒక్కసారి పోతుందని నాకు తెలియదనుకున్నావా? నేనడిగింది అది కాదు నాయనా. గుణించడానికి ఏమీ లేనిచోట ఆ ఒకటి ఎక్కడినుంచి వచ్చింది అని. నువ్వు చెప్పింది లెక్క తేలే దారి. ఆ ఒకటి నా కంటికి కనబడలేదు.

నీ మాటలే బోర్డు మీద రాసి చెప్పాను. దూది వ్యాపారం లక్ష్మీనరసయ్యగారి కూతురు అలివేలమ్మ లేచి, "పనే సేయకుండా ఒకటి యాడ్నుంచి వచ్చెనమ్మా? మా నాయన ఈ మాట ఇంటే దుకాణంలోకి రానీయడు మనల్ని" అంది. తొమ్మిదిమందీ పకపకా నవ్వారు. నవ్వు ఆపుకోలేక నేనూ బోర్డు వైపు తిరిగాను.

అది చాలదన్నట్టు నువ్వు మైనస్ కూడా పంపించావు. 2 పైన మైనస్ 3 అంటే ఎనిమిదో వంతట. సున్న కంటే కిందికి దిగినవాడు మైనస్ ఎనిమిది దగ్గర ఉండాలి గానీ, ఎనిమిదో వంతు దగ్గర ఏం చేస్తున్నాడు? చివర "అక్కా, ఊరికే ఒప్పుకో" అని రాశావు. దేవుడు చెప్పినవాటిని నేను ఊరికే ఒప్పుకుంటాను. నువ్వు దేవుడివి కావు, ఆ పుస్తకం రాసినాయనా కాడు.

ఇన్‌స్పెక్టరమ్మ రావడానికి ఇరవై రోజులు కూడా లేదు. కాస్త బుద్ధిగా ఆలోచించి రాయి.

నీ అక్క,
కరుణమ్మ.


ఆదోని,
10 ఆగస్టు 1941, ఆదివారం.

చిరంజీవి యేసేపుకు అక్క దీవించి రాసేది. సుగుణమ్మ పంపిన ఊరగాయ అందింది. దానితో పాటు వచ్చిన నీ చీటీ కూడా అందింది. పుస్తకంలో ఉన్నది ఒప్పుకోవడానికి నీకేం అడ్డమక్కా అని అడిగావు. దానికి చివర జవాబు చెబుతాను. ముందు తరగతి సంగతి విను.

పోయిన నెల ఇరవై మూడున మధ్యాహ్నం బడి విడిచినప్పుడు మీ ఊరినుంచి ఒకామె చీరల మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. పేరు భీమక్క. వాళ్ళ ఇంటాయన మగ్గం నేస్తాడట. వరండాలో మూట విప్పింది. పిల్లలు చుట్టూ మూగారు. ఉక్కగా ఉందని ఆ రోజు బోర్డు వరండాలోకి తెచ్చుకున్నాం. దాని మీద 2 పైన సున్న, పక్కన ప్రశ్న గుర్తు, అలాగే ఉన్నాయి. ఆమె బోర్డు చదివి నవ్వింది. కొంత చదువుకున్న మనిషే అనుకున్నాను.

అలివేలమ్మ ఊరుకోదు కదా, "నవ్వేదెందుకక్కా, తెలిస్తే సెప్పు" అంది.

"తెలిసేకేముందిలే పాప" అంటూ ఆమె ఒక చీర తీసి మడవడం మొదలుపెట్టింది. "ఒక మడత ఏస్తి. ఎన్ని పొరలు? రెండు. ఇంగో మడత, నాలుగు. ఇంగోటి, ఎనిమిది. మీ బోర్డు మీది లెక్క ఇదే గదా? ఇప్పుడు ఇప్పుతా సూడు." విప్పుతూ పిల్లల చేత లెక్కపెట్టించింది. ఎనిమిది, నాలుగు, రెండు. ఆఖరి మడత కూడా విప్పి చీరను రెండు చేతులతో చాపి పట్టుకుంది. "మడతలెన్ని?" సున్న అన్నారు. "అయితే చీర యాడికన్నా పాయెనా?"

ఒక్క పొర. మడతే లేదు, చీర ఉంది. ఆ ఒకటి, యేసేపూ, నా కళ్ళ ముందే వేలాడుతోంది.

ఇంకా విప్పితే అని అలివేలమ్మ అడిగింది. "ఇప్పినప్పుడల్లా సగమైతా వచ్చెనా లేదా? మడతలు అయిపోతే ఏమి, సగం సేసేది నిలపాల్నా? ఇంగ కత్తెర తీసుకోవాల" అంది భీమక్క. అంటూనే చాపిన చీర మీద చూపుడు వేలితో గీతలు గీసింది. సగం, అందులో సగం, అందులో సగం. మైనస్ ఒకటి, మైనస్ రెండు, మైనస్ మూడు. అదిగో నీ ఎనిమిదో వంతు. మైనస్ ఎనిమిది ఎందుకు కాదని నేనే అడిగాను. "ఎంత కత్తిరించినా గుడ్డ మిగులుతానే ఉంటాదమ్మా. మైనస్ గుడ్డ యాడ దొరుకుతాది?" అంది.

పొరలు లెక్కపెడుతూ మధ్యలో ముక్కల్లోకి దూకడం సరైన పద్ధతి కాదని నువ్వంటావు. అను. ఇన్నేళ్ళు చదివిన నువ్వు రెండు ఉత్తరాలలో చూపించలేనిది ఆమె నిలబడి చూపించింది.

మొన్న ఎనిమిదిన ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. పైన మైనస్ ఉంటే జవాబులో మైనస్ ఎందుకు రాలేదని సరిగ్గా అదే అడిగింది. అలివేలమ్మ లేచి, "మైనస్ గుడ్డ దొరకదు మేడమ్" అంది. నా ప్రాణం పోయినంత పనైంది. ఆ తరువాత పిల్ల తన పైట చెంగు మడిచి, విప్పి అంతా చెప్పింది. ఇన్‌స్పెక్టరమ్మ తన చేతిరుమాలు తీసి తానూ మడిచి చూసుకుంది. తరగతి ఉంటుందని రాసి వెళ్ళింది. దేవునికి స్తోత్రం.

నీ అక్క,
కరుణమ్మ.

తా.క. బీజగణితం జోలికి పోలేదని మొదటి ఉత్తరంలో రాసింది అబద్ధం. ఒక్కసారి పోయాను. 1933లో, సంవత్సరాంతపు పరీక్షలప్పుడు అప్పటి లెక్కల మేష్టరుకు జ్వరం వచ్చి నాలుగో ఫారం కాగితాలు నాకిచ్చాడు, జవాబుల పట్టీతో సహా. 2 పైన సున్న ఎంత అన్న ఒక్క లెక్కకు అందులో జవాబు లేదు. ఇంత చిన్నదానికి అడగడమెందుకని నేనే సున్న అనుకున్నాను. ఒకటి అని రాసిన ఒక పిల్ల జవాబు కొట్టివేశాను. ఆ లెక్కకు రెండు మార్కులు. పాసుకు ముప్పై అయిదు కావాలి, ఆమెకు ముప్పై మూడు వచ్చాయి. ఒకటి ఎలా వచ్చిందని పిలిచి అడిగితే మాట్లాడకుండా పైట చెంగు మడుస్తూ విప్పుతూ నిలబడింది. పెద్దల ముందు పైట నలపడం ఏం పద్ధతి అని మందలించి పంపేశాను. తప్పిన పిల్లకు చదువెందుకని వాళ్ళ నాయన, దూది ఫ్యాక్టరీ మేస్త్రీ దేవేంద్రప్ప, బడి మాన్పించి ఎమ్మిగనూరుకు ఇచ్చి పెళ్ళి చేశాడు.

ఆ లెక్క మళ్ళీ నా ముందుకు వచ్చినప్పటినుంచీ అది సున్న కావాలని ఎంత కోరుకున్నానో దేవుడికే తెలుసు. నాకు అడ్డం అదీ. ముఖం చూసి భీమక్కను గుర్తుపట్టలేదు. మడత విప్పుతున్న ఆ వేళ్ళను చూసి గుర్తుపట్టాను.

నిన్న పాత మార్కుల పుస్తకం తీయించి, ముప్పై మూడు కొట్టివేసి ముప్పై అయిదు వేసి, పక్కన నా పేరూ తేదీ రాశాను. అలా దిద్దడానికి నీకు అధికారం లేదన్నారు పెద్ద టీచరుగారు. తప్పు దిద్దడానికి అధికారం ఎందుకన్నాను. నాలుగో ఫారం పాసైనట్టు నేను రాసి సంతకం చేసిన కాగితం ఈ ఉత్తరంలోనే ఉంది. పనికి వస్తుందో రాదో నాకు తెలియదు. నువ్వే స్వయంగా వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆమె చేతికి ఇయ్యి. పరీక్షకు మళ్ళీ కూర్చుంటానంటే దగ్గరుండి చెప్పు, మడతలతో చెప్పు.

ఆ రోజు వరండాలో భీమక్క మూట కట్టుకుంటూ ఉంటే, ఆనాడు అడిగినప్పుడే నోరు తెరిచి చెప్పలేకపోయావా తల్లీ అని అడిగాను. ఆమెకు కోపం రాలేదు. "సూపిస్తానే ఉంటి గదమ్మా" అంది. "మీరు పైట సూస్తిరి. మడత సూడకపోతిరి."