మిరపరాశిలో వేడి

బుధవారం

సైన్సు మేడమ్ రమ్మంటే ఇవాళ బడికి పోయాను. మిరపకాయలు ఎండాయో లేదో కల్లంలో ఎట్లా కనిపెడతామో పిల్లలకు చెప్పమంది. "ఐదు చదివినదానివి, నువ్వేం చెప్తావే?" అని పొద్దున అత్తమ్మ నవ్వింది.

రాశిలో చెయ్యి పెడితే వెచ్చగా తగలకూడదు, తగిలితే ఇంకా తేమ ఉన్నట్టే అని తల వంచుకునే చెప్పాను. ఒక పిల్ల లేచి, "రాశి మీద పట్టా కప్పినాక ఎండ పడదు గదక్కా, ఆ వేడి యాడిది?" అంది. నాకూ చానాసార్లు వచ్చిన అనుమానమే. ఎవరినీ అడగలేదు. తెలియదన్నాను.

"రేపు థర్మామీటరు తీసుకుని అక్కావాళ్ల కల్లంలోనే చూద్దాం" అంది మేడమ్. నేను తల ఊపి వచ్చేశాను.

అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. పిల్లలు కాయలు తొక్కుతారని వద్దంటుందేమో. వద్దంటే ఆ వేడి ఎక్కడిదో నాకూ తెలియకుండానే పోతుంది.