మా ఓనరు వాళ్లన్న

మార్చి 2, ఆదివారం

ఓనరు ధర్మపాల్ వచ్చాడు. బూట్లతో కిచెన్ దాకా. అద్దె పెంచుతాడట. ఇంత ఎందుకని అడిగితే నవ్వాడు. నువ్వు పప్పు వండే చోటే మా బోరు ఉండేది, ఆ నీళ్లు తాగి పెరిగాను, నాకు రేటు నేర్పకు అన్నాడు. మా టవర్లో సగం ఫ్లోర్లు అతనివే. పొలం ఇచ్చినందుకు బిల్డర్ కట్టిచ్చినవి. నేనూ మా ఆయన సుహాస్ ఇద్దరం ఐటీలోనే. ఇద్దరం జన్మంతా ఈఎంఐ కట్టినా ఈ ఉత్తరాది ఇందిరాపురంలో ఒక బాత్రూమ్ కూడా రాదు. ఆ మనిషి టెన్త్ తప్పాడు. ఛీ.

మార్చి 6

ఇవాళ తెలిసింది. గేటు దగ్గరి ముసలి గార్డు రణ్‌బీర్, అందరూ తావూజీ, అంటే పెదనాన్న, అని పిలిచే ఆయన, ధర్మపాల్‌కి సొంత అన్న! సొసైటీ సెక్రటరీ సాయిప్రకాష్ అంకుల్ చెప్పారు. ఆయనదీ మా నెల్లూరే. తండ్రి పొలం అన్నదమ్ములకి చెరిసగం పంచాడట. కొడుక్కి కిడ్నీలు పాడైతే అన్న తన సగం ముందే అమ్ముకున్నాడు. కొడుకూ దక్కలేదు. తమ్ముడు ఆగాడు. ఈలోగా హైవే వెడల్పయింది. అంతే తేడా.

సాయంత్రం ధర్మపాల్ కారు వస్తే అన్న గేటు తీసి సెల్యూట్ కొట్టాడు. తమ్ముడు అద్దం కూడా దించలేదు.

నాకు జాలి వెయ్యలేదు. దొరికాడు ఓనరు వెధవ, అనిపించింది.

మార్చి 11

పెంచిన అద్దె ఇవ్వలేమన్నామని ధర్మపాల్ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఫోన్‌లో, తుమ్ లోగ్, మీలాంటివాళ్లు అంటూ. నేను మీటింగ్‌లో ఉన్నాను. కెమెరా ఆఫ్ చేసి సొసైటీ గ్రూపులో టైప్ చేశాను. సొంత అన్న చేత సెల్యూట్ కొట్టించుకునేవాడా మాకు మర్యాద నేర్పేది అని. పేరు పెట్టే రాశాను. ఇద్దరి పేర్లూ.

మార్చి 12

గ్రూపంతా చప్పట్లు. రోజంతా ఎంత హాయిగా ఉందో.

మార్చి 13

గేటు దగ్గర కొత్త గార్డు.

సాయిప్రకాష్ అంకుల్‌కి ఫోన్ చేశాను. కమిటీకి కాంట్రవర్సీ వద్దట, ఏజెన్సీకి చెప్పి తావూజీని తీయించేశారట. ధర్మపాల్ చేయించాడా అన్నాను. కాదమ్మా, అతను తీయొద్దని అరిచి గొడవ చేశాడు, మేమే తీశాం అన్నారు. అయినా రాసేముందు ఆ ముసలాయన్ని ఒక్కమాట అడిగావా అన్నారు. తీసేముందు మీరడిగారా అని ఫోన్ పెట్టేశాను.

మార్చి 16

స్వీట్స్ పట్టుకుని సొసైటీ వెనక ఊళ్లోకి వెళ్లాను. తావూజీ తలుపు తీయలేదు. కిటికీలోంచే మాట్లాడాడు. తమ్ముడు ఎప్పుడో ఫ్లాట్ ఇస్తానన్నాడట. వద్దని డ్యూటీలో చేరాడట. నాకంటూ మిగిలింది ఆ ఉద్యోగమే, అదీ పోగొట్టావు, ఊరంతా నేను కిరాయిదార్ల దగ్గర ఏడ్చాననుకుంటోంది, నా పేరు రాయడానికి నువ్వెవరు అన్నాడు. రోజూ బేటీ అనేవాడు. ఇవాళ మేడమ్ అన్నాడు.

నాకూ ఒళ్లు మండింది. మీ కోసమే రాశాను అని అరిచాను.

అబద్ధం.

డబ్బా గుమ్మం మీద పెట్టి వచ్చేశాను. సందు చివర తిరిగి చూస్తే వాళ్లావిడ దాన్ని గేదె ముందు కుమ్మరిస్తోంది.

మార్చి 30

సామాన్లు వెళ్లిపోయాయి. ధర్మపాల్ తాళాలకి వచ్చాడు. గోడలు చూడలేదు, మేకులు చూడలేదు. భయ్యా ఇంటికి వెళ్లావట కదా, తలుపు తీశాడా అన్నాడు.

లేదన్నాను.

నాకూ తీయట్లేదు అన్నాడు.