ఇసుకకొండ మీద పదకొండు పొదలు

నా శ్రీమతికి,

ఇక్కడ ఇంటిల్లిపాదీ కులాసా. అక్కడ నువ్వు శిక్షణ పేరు చెప్పి తిండి మానేయకుండా ఉంటే నాకు అంతే చాలు.

నువ్వడిగినవి వరసగా చెబుతాను. నీళ్ళ ట్యాంకరుకు బ్రేకులు బాగు చేయించాను. వంటింటి కిటికీ గడియ బిగించాను. చొక్కా గుండీలు నేనే కుట్టుకున్నాను. ఒకటి పక్కకి పోయింది, తోటి డ్రైవర్లు ఒకటే నవ్వు. నవ్వితే నవ్వనీ.

ఇక పొదల సంగతి. ఇంటి వెనక ఇసుకకొండ మీద నువ్వు అంకెల బిళ్ళలు కట్టి వెళ్ళిన పదకొండూ పసుపుపచ్చగా విరగబూశాయని పోయిన ఉత్తరంలో రాశాను. ఆ లెక్క పట్టుకుని మీ విత్తనాల ఆఫీసుకు నివేదిక తయారు చేశానని, సోమవారం మొదటిసారి నీ సంతకంతో వెళుతుందని నువ్వు రాశావు. అది చదివాక ఇక దాచడం నావల్ల కాదు.

ఉన్నమాట చెప్పేస్తున్నాను. పూసినవి నాలుగే. మిగతా ఏడూ చచ్చిపోయాయి. చంపింది నేనే.

"ఎండల్లో ఆకు రాల్చి చచ్చినట్టు పడుంటాయి, వాటి జోలికి మాత్రం వెళ్ళకు" అని లక్షసార్లు చెప్పావు. విన్నాను. కానీ ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ నీళ్ళు పోస్తున్నవాణ్ణి, పెళ్ళాం మొక్కలు ఎండిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాను? రోజూ తిరిగొచ్చేటప్పుడు ట్యాంకరులో మిగిలిన నీళ్ళు గొట్టం వేసి పోశాను. గొట్టం ఏడు పొదలదాకా అందింది. వారంలో చిగురు పెట్టాయి. నా అంతవాడు లేడని పొంగిపోయి, రేపో మాపో పూస్తాయి కదా అని పదకొండూ పూశాయని నీకు ముందే రాసేశాను. ఆ తరువాత చిగుళ్ళు నల్లబడ్డాయి. ఒక పొదను పట్టుకుంటే మొత్తం చేతిలోకి ఊడివచ్చింది. వేరంతా కుళ్ళు.

సిగ్గేసింది. భయమూ వేసింది. మొక్కలు పోయినందుకు తిడతావని కాదు, తిట్టు. నా మాట నమ్మి నువ్వు పదిమందిలో తలవంచుకోవలసి వస్తుందని.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. పదకొండు కొట్టేసి నాలుగని రాయి. శనివారానికల్లా అందేలా ఈ ఉత్తరాన్ని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. మళ్ళీ నా ఒక్కడి మాట నమ్మమని అడిగే ముఖం నాకు లేదు. అందుకని పొద్దున మీ అమ్మగారిని కొండ మీదికి తీసుకెళ్ళాను. మోకాళ్ళు పట్టుకుని, దారంతా నన్ను తిడుతూనే ఎక్కారు. "నువ్వు పక్కకి జరుగు నాయనా, నేను లెక్కపెడతాను" అన్నారు. కింద ఆవిడ చేత్తోనే రాయిస్తున్నాను.

ఇట్లు,
నీ భర్త

నాలుగే తల్లీ. రెండుసార్లు లెక్కపెట్టాను. ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు, జవాబు మాత్రం అతని పేరుకే రాయి.
మీ అమ్మ