పాదం మెత్తగా దిగాలి

సింధూజా,

టమాటా కోతకు సోమలకు పోతున్నాను. సంగటి, పప్పు చేసి పెట్టాను, తిను. ఆదివారం మదనపల్లెలో పందెం ఉంది కాబట్టి ఈరోజు తారు రోడ్డు వద్దు, మట్టిబాటలో పరిగెత్తు. బూటుకు తగిలించే, అడుగు బరువు కనిపెట్టే బిళ్ల, వాచీ చార్జింగులో ఉన్నాయి. రెండూ పెట్టుకో. పాదం గట్టిగా పడినప్పుడల్లా వాచీ వణుకుతుందని, “నీకంటే ఎక్కువ సాధిస్తాండాదత్తా” అన్నావు. నిన్న నువ్వు దాన్ని విప్పి జేబులో వేసుకోవడం మిద్దె మీంచి చూశాను.

పోయినేడు నీ కాలి ఎముక చిట్లినప్పుడు నిన్ను పట్టుకొని నడిపించడం నాకు కష్టమనిపించలేదు. “ఇంగ నేను పరిగెత్తలేనేమో అత్తా” అని నా ఒళ్లో ఏడ్చావే, అది మళ్లీ వినలేను.

వాచీ మాట విన్న రోజు నువ్వు మంచులో వస్తుంటే అడుగుల చప్పుడే ఉండదు. నువ్వు కదలనట్టు, నేలే నీ కింద వెనక్కి జారిపోతున్నట్టు ఉంటుంది. చూస్తూ పొయ్యి మీది పాలు మరిచిపోతాను.

అత్త

ఇంకో మాట. తెల్లవారుజామున బిళ్ల తగిలించిన నీ బూట్లు, వాచీ వేసుకొని మిద్దె మీద నేనూ పరిగెత్తాను. అడుగడుక్కీ వణికింది. మామకు చెప్పొద్దు. మెత్తగా ఎట్లా దిగాలో సాయంత్రం నాకూ నేర్పు.