పాపని ఎత్తుకోవద్దన్న వదినకు

నాంపల్లి,
సోమవారం

దివ్యశ్రీ వదినకు అనూహ్య రాయునది. నేను బాగానే ఉన్నాను. ఫోన్లో అయితే సగంలోనే అడ్డుపడతావని, ఆబిడ్స్ పోస్టాఫీసులో కార్డు కొని మరీ రాస్తున్నాను.

"కొత్త బాక్టీరియాని పట్టుకున్నావట, పాపని ఎత్తుకోకు" అన్నావు. వదినా, అది రోగం కాదు. నడిసముద్రం అడుగు నుంచి ఓడవాళ్లు తెచ్చిన బురదలో దొరికింది. మా ల్యాబులో దాని డీఎన్ఏని ఇంతవరకు తెలిసిన వాటన్నిటితో పోల్చి చూశాం, దేనితోనూ కలవలేదు. అందుకే కొత్త జాతి అంటున్నాం. మంచులాంటి చలిలో తప్ప అది బతకదు.

మా ఓనరమ్మ శశికళగారూ నీలాగే హడలిపోయి, నిన్న నా చెప్పులు గేటు బయటే విప్పించారు. చలి సంగతి చెప్పగానే మొహం మారిపోయింది. "గంత సల్లగ ఉండాల్నా? కరెంటు పోతే సస్తది గద బిడ్డా! మొజంజాహీ మార్కెట్ల ఐసు దొరుకుతది, జర కొనుక్కపో" అన్నారు. భయం పోయి జాలి పట్టుకుంది ఆవిడకి.

పాపకి జలుబు తగ్గిందా? గీజరు బాగుచేయించారా? ఉయ్యాలకి మెత్తటి పాత చీర ఒకటి ఉతికి ఉంచు. వచ్చే ఆదివారం అన్నయ్యని స్టేషనుకి పంపు. బారసాలలో మేనత్తని దూరంగా నిలబెడితే మాత్రం ఊరుకోను.

అన్నయ్యకు నమస్కారాలు, పాపకి ముద్దులు. నా అరచేతి వెచ్చదనానికి ఆ బాక్టీరియా చచ్చిపోతుంది వదినా. పాప అయితే నిద్రపోతుంది. ఒక్కసారి ఇచ్చి చూడు.