తాత పీకిన దౌడ పన్ను

రెబెకా బిడ్డా, నానమ్మను. ఫోన్ చేస్తె ఎత్తకపోతివి. పక్కింటి మహబూబున్నీసాతోటి పన్ను దవాఖానకు పోతున్న. అన్నం, పప్పు ఉన్నయి, తిను. నాకు జర జావ కాచి సల్లార్చు.

చిగురు కోసి, లోపల మిగిలిన వేర్లు తీస్తరట. ఆరేండ్ల కింద మీ తాత మైకులు బాగుచేసే కటింగ్ ప్లేర్‌తోటి నా పుచ్చుపన్ను పీకిండు గద, పైన ముక్కనే ఊడొచ్చింది. "డాక్టరెందుకు, నేన్లేనా" అని చర్చిల అందరికి చెప్పుకున్నడు. నొప్పి అంటె ఆయన మొకం చిన్నగైతదని, ఇన్నేండ్లు ఒక్క పక్కనే నమిలిన. ఆయన పోయి నలభై దినాలాయె. ఇగ ఎవరికోసం దాసాలె? అందుకే తీపిచ్చుకుంటున్న.

ఎవరన్న అడిగితె తాత పీకంగ నిండ పుచ్చిన పన్ను దానంతటదే ఇరిగిందని చెప్పు. తాత ఇరగ్గొట్టిండని చెప్పకు బిడ్డా.