జొన్న చేలో గుండ్రం

18 జనవరి 1998, ఆదివారం
తెల్లారి మా ఆయన చేలోనించి వచ్చి చెప్పులు విడవకనే పిలిచె. పోతిమి. కళుగుమలై దోవ పక్క జొన్నలో నడిమధ్య పైరు గుండ్రంగా పడుకోని ఉండాది. కళ్లం అంత. కర్రలన్నీ ఒక్క పక్కకే, దువ్విన తల మాదిరి. చుట్టూ పైరు నిలువునా ఉండాది. దోవ లేదు, అడుగు లేదు.
“పందులు పొర్లింటాయి” అనె. పందులకు గుండ్రం తెలుసునా?

19
జనం. కర్పూరం. అమ్మవారు అడుగు పెట్టిందని ఒకామె. విరుదునగర్ నించి వచ్చినాయన – పేపర్లో వేసినారంట, తెల్లోళ్ల దేశంలోనూ ఇట్లే, ఆకాశంలోనించి పళ్లెం మాదిరి ఒకటి దిగుతాదంట. మా ఆయన కట్టె పట్టుకోని మిగిలిన పైరు తొక్కకుండా కాపలా.

20
నా ఆడబిడ్డ కొండమ్మ చేలోకి వచ్చె. వెంబకోట్టై పక్క టపాసుల పనిలో మందు పేలి మొగుడు పోయినప్పటినించి మా ఇంట్లోనే. అడిగితే ఊ, ఆ. అంతే. ఈ పొద్దు పోయి ఆ గుండ్రం నడుమ కూర్చునె. గంజి అక్కడికే తీసుకపోతి.
“ఇక్కడ ఆ సప్పుడు లేదు వదినా.”
ఏ సప్పుడని అడగలేదు. నాకు తెలుసు.

22
తీపెట్టి ఆఫీసులో అగ్గిపుల్లలు చెక్క చట్టంలో పేరుస్తా ఉంటే చేతులు ఇక్కడ, తల చేలో. సుడిగాలి అంటారు. గాలి అయితే కంకుల్లో దుమ్ము ఉండొద్దా… ఎవరైనా చేసింటే ఎందుకు? మా చేలోనే ఎందుకు?

25, ఆదివారం
చేసి చూస్తిమి. పడమటి మూల, ఎవురూ లేనప్పుడు. గుంజ పాతి, మోకు కట్టి, ఆ చివర చెక్క. చెక్కను కాలితో తొక్కుకుంటా చుట్టూ తిరగడం. మోకు పొట్టి చేసుకుంటా లోపలికి. ఎండ దిగేలోపల గుండ్రం వచ్చేసె.
మా ఆయన నవ్వె. “ఏమే, ఇంతేనా? మనసు ఆరిందా?”
ఆరలేదు. మా దాంట్లో కొన్ని కర్రలు విరిగె. ఆ గుండ్రంలో విరగలేదు. చెయ్యి తిరిగినోళ్లయితే విరగకుండా చేస్తారేమో. గుంజ పీకితే నడుమ గుంత మిగిలె.
దాంట్లోనూ గుంత ఉంటే మనుషుల పనే. దాని నడుమ రోజూ కొండమ్మ కూర్చోని ఉంటాది. లేమ్మా అని ఎట్లా అడిగేది?

27
ఎడ్లకు మేత అయిపోతా ఉండాది. కంకుల మీద పిట్టలు. కోయాల అంటాడు మా ఆయన. ఆ చోటు విడిచిపెట్టాల అని ఊరు. చెల్లెల్ని చూసి ఈయనా నోరు మూసుకుంటాడు.

29
కొండమ్మ పొయ్యి ముట్టించె. తనే పుల్ల గీసి. ఇన్నాళ్లూ అగ్గిపెట్టె ముట్టింది లేదు. నేను వాకిట్లోనించి చూస్తిని, లోపలికి పోలేదు. పోతే ఆరిపోతాదేమో అని…

31
సాయంత్రం జొన్నరొట్టె తట్టుకుంటా అడిగె –
“అది ఎవరు చేసిందని వెతుకుతాండావా వదినా?”
“ఊ.”
“తెలిస్తే నాకు చెప్పొద్దు.”
రొట్టె తిప్పి వేసె. చెప్పకుండా నేను ఉండగలనా. దాయడం రాని మొహం నాది. మా అమ్మ అదే అనేది.

2 ఫిబ్రవరి
కోత. మొదలు పెట్టిందే కొండమ్మ. గుండ్రం అంచునించి కొడవలి వేసె. “మేత లేక ఎడ్లు చావాల్నా” అని వాళ్లన్నను కసిరె. ఆయన కండ్లు తుడుచుకోని వంగె.
మధ్యాన్నానికి నడుమకు వస్తిమి. ఆ నాలుగు పిడికెళ్లు నా వంతుకు వచ్చె. కోసి పక్కకు తీస్తిని. కింద కరిసల్ నల్లమన్ను, ఎండకు బీటలు విచ్చి. ఒక బీట మిగిలినవాటికన్నా వెడల్పు. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగె. గుంజ గుంతేనా? బీటేనా? వేళ్లతో తడుముతా ఉంటి. ఒక పక్క గుండ్రం మాదిరి… ఇంకో పక్క కాదు.
తల ఎత్తితే కొండమ్మ కొడవలి దించి నా మొహమే చూస్తా నిలబడి ఉండాది.